బ్లాక్‌లిస్టులో పడ్డ పరుపుల షాపు

తండ్రి మంచివాడు కావడం ఎంత పెద్ద చిక్కో, మంచి తండ్రి ఉన్న కూతురికే తెలుస్తుంది. కోపిష్టి తండ్రి గురించి ఎవరితోనైనా చెప్పుకోవచ్చు, విన్నవాళ్లు అయ్యో పాపం అంటారు. మా నాన్న రోజూ పొద్దున్నే ఊరందరికీ శుభోదయం చెప్తాడండీ అని మొరపెట్టుకుంటే, అయితే నీకేం నొప్పి అన్నట్టు చూస్తారు.

వీధిలో అందరూ పరుపులమ్మాయి అని పిలిచే ఆ పిల్ల బాధ అదే.

వాళ్లది పరుపుల షాపు. నాన్న పొద్దున్నే మొహం కడుక్కుని షాపు కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. పరుపు కొన్నవాళ్లకి, కొంటామని చెప్పి కొననివాళ్లకి, దారి అడగడానికి లోపలికొచ్చి కబుర్లలో ఇరుక్కుపోయినవాళ్లకి ఒక పువ్వు బొమ్మ, దాని కింద శుభోదయం పంపుతాడు. పువ్వు రోజూ మారుతుంది. శుభోదయం మారదు. పైగా మెయిల్ ఐడీ తీసుకునేటప్పుడు ఒక్కొక్కరినీ ఆపి, "రోజూ ఒక పువ్వు పంపుతాను, మీకేం పర్లేదు కదా?" అని అడుగుతాడు. అలా అడిగినప్పుడల్లా పరుపులమ్మాయి దిండ్ల వెనక్కి వెళ్లిపోయేది.

ఆమె చదువుకున్న పిల్ల. షాపుకి సొంత వెబ్‌సైటు, షాపు పేరుతోనే మెయిలు, అంటే ఎట్ గుర్తు తర్వాత వాళ్ల షాపు పేరే వచ్చే డొమైను, అన్నీ తనే పెట్టింది. నాన్న పువ్వులు పంపుతుంటే తను కస్టమర్ కేర్ చేసేది. పరుపు కొన్న ప్రతివాళ్లకీ పొద్దున్నే, "రాత్రి నిద్ర పట్టిందా?" అని దానంతటదే ఒక మెయిల్ వెళ్లేలా ఏర్పాటు చేసింది. కింద నిద్ర గురించి ఓ మంచి ముక్క, అదీ రోజుకొకటి, స్వయంగా రాసినది. పట్టింది అని జవాబిస్తే ఆగిపోతుంది. ఇవ్వకపోతే మర్నాడు మళ్లీ అడుగుతుంది. నాన్నది చాదస్తం, తనది సిస్టమ్ అని ఆమెకి గట్టి నమ్మకం.

ఈమధ్య బేరాలు పలచబడ్డాయి. నాన్న ఓ రోజు మెల్లగా విషయం బయటపెట్టాడు. కొత్తగా కడుతున్న హాస్టల్‌కి పరుపుల ఆర్డరు వస్తే షాపు ఆమె చేతుల్లో పెట్టేస్తాడు. రాకపోతే పక్కనున్న ఫోన్ కవర్లవాడికి అద్దెకిచ్చేస్తాడు, ఆమె మావయ్య ఆఫీసులో కుర్చీలో కూర్చోవాలి. ఆ కుర్చీని తలుచుకుంటేనే పరుపులమ్మాయికి నడుం పట్టేసేది.

హాస్టల్ వార్డెన్‌గారిది ఒకటే షరతు. కొటేషన్ ఈ వారంలోగా, కంపెనీ సొంత మెయిల్ నుంచే రావాలి. వ్యక్తిగత ఐడీల నుంచి వచ్చేవి హాస్టల్ కట్టిస్తున్న ట్రస్టు తెరిచి కూడా చూడదు. పరుపులమ్మాయి పంపింది. రాలేదన్నారు. మళ్లీ పంపింది. ఈసారి గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది, మెడలో ఒక ఇంగ్లీషు చీటీతో. మీ డొమైను ఫలానా బ్లాక్‌లిస్టులో ఉంది కనుక మీ మెయిల్ తీసుకోబడదు అని దాని సారాంశం.

ఆమె కుర్చీలోంచి లేవకుండానే నేరస్థుణ్ణి పట్టేసింది.

"నాన్నా, నీ పువ్వుల వల్ల మనల్ని దొంగల లిస్టులో రాశారు."

నాన్న కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు. ఇంగ్లీషు ఆయనకీ వచ్చు. "పువ్వులకే?" అన్నాడు. ఆయన ఇంక పువ్వులు పంపకుండా ఆమె మెయిల్ పాస్‌వర్డ్ మార్చేసింది. ఆయన చీపురు తీసుకుని గోడౌన్ ఊడవడానికి వెళ్లాడు. ఆ పూటంతా ఊడుస్తూనే ఉన్నాడు. గోడౌన్‌లో అంత దుమ్ము లేదని ఇద్దరికీ తెలుసు.

బ్లాక్‌లిస్టువాళ్ల వెబ్‌సైటులో, లిస్టులోంచి తీసేయమని అడగడానికి ఒక ఫారం ఉంది. ఆమె నింపింది. ఆ డొమైను మీదేనని రుజువుగా దాన్నుంచే మాకో మెయిల్ పంపండి అన్నారు. పంపింది. వాళ్ల మెయిల్‌బాక్స్ వాళ్ల లిస్టే చూసుకుని, మీరు బ్లాక్‌లిస్టులో ఉన్నారు, తీసుకోం అని తిప్పికొట్టింది. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో చిరునామా ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడి మెయిల్ సర్వర్లూ సంప్రదించే ఆ లిస్టు, వెనకవీధిలో పళ్ల డాక్టర్ క్లినిక్ పైన తయారవుతోంది.

పరుపులమ్మాయి మెయిల్‌ని ప్రింటు తీసి, కవర్లో పెట్టి, వానలో బయల్దేరింది.

పైన రెండు గదులు. లోపలి గది తలుపు మూసి ఉంది. బయటి గదిలో ఒక అబ్బాయి ఎర్రటి కళ్లతో స్క్రీన్ వైపు చూస్తున్నాడు. వారం రోజులుగా నిద్రలేని మనిషిలా ఉన్నాడు. పరుపులు అమ్మేవాళ్లకి ఇలాంటివి ముందు కనపడతాయి. కింద క్లినిక్‌లో డ్రిల్లు మోగినప్పుడల్లా అతను దవడ పట్టుకుంటున్నాడు.

ఆమె కవరు బల్ల మీద పెట్టింది. కాగితాలు తీసుకోమండీ, మెయిల్ చెయ్యండి అన్నాడు. చేస్తే మీరే తిప్పికొట్టారంది. అతను చూసుకున్నాడు. నిజమే. అలా జరగకూడదే అని గొణిగాడు. ఇంతకుముందు ఎవరూ మెట్లెక్కి రాలేదట, అందుకని తెలియలేదట.

"అసలు మమ్మల్ని ఆపడానికి మీరెవరు?" అంది పరుపులమ్మాయి.

"మేం ఎవర్నీ ఆపమండీ. లిస్టు రాస్తాం, అంతే. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌లందరూ కలిసి ఒక పెద్దాయన్ని పెట్టుకుని, ఎవర్ని లోపలికి రానివ్వకూడదో నువ్వు కనుక్కుని చెప్పు అన్నారనుకోండి. ఆ పెద్దాయన మేమే. గేటు వేసేది వాచ్‌మనే."

"అంటే గేటు మీరు వెయ్యరు. తాళం మాత్రం అందిస్తారు."

అతను ఆలోచించాడు. "అలా కూడా చెప్పుకోవచ్చు," అన్నాడు.

ఆ క్షణంలో ఆమెకి అతని మీద కోపం పూర్తిగా రాకుండా సగంలో ఆగిపోయింది. వాదనలో ఓడిపోయి ఒప్పుకునే మగవాణ్ణి చూడటం ఆమెకి కొత్త. మనసులో అతనికి లిస్టబ్బాయి అని పేరు పెట్టేసింది.

లిస్టులోంచి తియ్యాలంటే మూడు చెప్పాలన్నాడు. ఏం తప్పు జరిగింది, దాన్ని ఎలా ఆపారు, మళ్లీ జరక్కుండా ఏం చేశారు. ఆమె గడగడా చెప్పేసింది. నాన్న, పువ్వులు, పాస్‌వర్డ్. లిస్టబ్బాయి కీబోర్డు మీద ఏదో కొట్టి చూసి, కాదన్నాడు.

"ఏం కాదు?"

"కారణం అది కాదు."

"మరేంటి?"

"అది చెప్పకూడదండీ. రూలు."

తప్పు చేశావంటారు, ఏం తప్పో చెప్పరు, అదేదో ఒప్పుకోమంటారు. ఇది బొత్తిగా పెళ్లైన కొత్తలో అమ్మానాన్నల కాపురంలా ఉందనుకుంటూ ఆమె మెట్లు దిగింది. గొడుగు మర్చిపోయింది. దానికోసం మళ్లీ ఎక్కింది. అతను అప్పటికే గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ వారం పరుపులమ్మాయి వెనకవీధికి తిరగడం చూసి, పిల్లకి పంటి జబ్బు చేసిందని వీధంతా అనుకుంది. ఒకావిడ లవంగాలు కూడా పంపింది. ఆమె వెళ్లిన ప్రతిసారీ కొత్త నేరస్థుణ్ణి పట్టుకెళ్లేది. కంప్యూటర్లో వైరస్ ఉందేమోనని మొత్తం కడిగి పెట్టించింది, కాదన్నాడు. మెయిల్ నిజంగా తమ దగ్గర్నుంచే వచ్చిందని తెలిపే రికార్డులు సరిచేయించింది, మంచిదే కానీ అదీ కాదన్నాడు. పక్కషాపు ఫోన్ కవర్లవాడు వైఫై వాడుకుంటున్నాడని కనిపెట్టి పాస్‌వర్డ్ మార్చింది. దానివల్ల జరిగిందల్లా, వాడు నాన్న దగ్గరకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకోవడం.

కారణం చెప్పకపోవడానికి కారణం మాత్రం లిస్టబ్బాయి చెప్పాడు. దారిలో ఉన్న గొయ్యి ఒకటి చూపిస్తే జనం ఆ ఒక్క గొయ్యి తప్పుకుని, మిగతా దారంతా అలాగే నడుస్తారట. నడకే మారాలట. చెప్తూ ఆవలించాడు. అతని ఆవలింత చూస్తే ఆమెకి జాలేసింది. ఏ పరుపు మీద పడుకుంటారని అడిగింది. ఇంటాయన ఇచ్చినదేనట, మధ్యలో లోయలా ఉంటుందట, ఎటు పడుకున్నా అక్కడికే దొర్లుతాడట. అది పరుపు కాదు, తొట్టి అంది. అతను నవ్వాడు. నవ్వితే ఎర్రటి కళ్లు కూడా బాగానే ఉన్నాయి.

షాపులో మాత్రం ఫోను ఆగకుండా మోగుతోంది. బేరాలకి కాదు. పువ్వు రావడం లేదు, ఆయనకి ఒంట్లో బాగానే ఉందా అని. ఓ రిటైర్డు లెక్కల మాస్టారు, ఫోన్లో చెప్పినా నమ్మకుండా స్వయంగా వచ్చి, నాన్న చీపురుతో తిరగడం కళ్లారా చూసి, ఉత్తిచేతులతో వెళ్తే బాగుండదని దిండు కొనుక్కుని వెళ్లాడు. నాన్న అందరికీ ఒకటే జవాబు చెప్తున్నాడు. పొరపాటు చేశానండీ, మా అమ్మాయి సర్దుతోంది.

షాపు వెనకే ఉన్న వంటింట్లోంచి అమ్మ, మనిషి మాట్లాడక ఇల్లు గోడౌన్‌లా ఉందంది.

గడువు ఇంక రెండ్రోజులుందనగా, పరుపులమ్మాయి మెట్లెక్కేసరికి వాన దంచేస్తోంది, కరెంటు పోయింది. డ్రిల్లు ఆగింది. కిటికీలోంచి వచ్చే బూడిదరంగు వెలుతురులో ఇద్దరూ టీ తాగారు. ఆమె దగ్గర ఇంక నేరస్థులు లేరు. ఈ గోలతో రాత్రుళ్లు నిద్ర కూడా పట్టడం లేదంది.

లిస్టబ్బాయి కప్పులోకి చూస్తూ మామూలుగా అన్నాడు. "దిండు తిరగేసి చూడండి. చల్లటి వైపు ఒకటి మీకోసమే ఉంటుంది."

పరుపులమ్మాయి కప్పు నోటిదాకా వెళ్లి ఆగింది.

"ఆ మాట నేను రాశాను," అంది.

"ఏ మాట?"

"మీరు మా దగ్గర పరుపు కొన్నారా?"

"లేదండీ."

"మీ మెయిల్ ఐడీ మా దగ్గరుందా?"

"నాది లేదు."

"మరి ఎవరిదుంది?"

లిస్టబ్బాయి లోపలి గది తలుపు వైపు చూశాడు. తర్వాత వాన వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్లతో పోటీగా. "దీనికి జవాబు చెప్తే నా ఉద్యోగం పోతుంది. ఇంకో టీ తాగుతారా?"

ఆమె తాగలేదు. ఇంటికి తడుస్తూ వెళ్లింది. కరెంటు వచ్చేదాకా షాపులో పరుపు మీద కూర్చుని ఆలోచించింది. నాన్న పువ్వులు ఎవరికి వెళ్తాయి? ఎదురుగా నిలబెట్టి, పర్లేదా అని అడిగి, పర్లేదనిపించుకున్నవాళ్లకి. తన మెయిల్ ఎవరికి వెళ్తుంది? సిస్టమ్ పెట్టిన కొత్తలో ఆమె పాత కంప్యూటర్లో ఉన్న చిరునామాలన్నీ ఊడ్చి దాన్లో పోసింది. ఎన్నేళ్ల కిందటివో. వాళ్లని ఒక మాట అడిగితే బాగుండేదేమో తల్లీ అని అప్పుడు నాన్న అన్నాడు. ఆమె నవ్వింది.

కరెంటు వచ్చాక తెరిచి చూసింది. జవాబివ్వనివాళ్లు కొల్లలు. మూతబడ్డ లాడ్జీలు, ఎత్తేసిన కంపెనీలు, బతికున్నారో లేదో తెలియనివాళ్లు. వాళ్లందర్నీ ఆమె సిస్టమ్ రోజూ పొద్దున్నే తట్టి లేపి, నిద్ర పట్టిందా అని అడుగుతోంది.

అందర్నీ తీసేసింది. ఇకమీదట సరే అన్నవాళ్లకే, అదీ ఒక్కసారే వెళ్లేలా మార్చింది. మర్నాడు పొద్దున్న కాగితం మీద మూడు జవాబులూ రాసి తీసుకెళ్లింది. ఏం తప్పు జరిగిందన్న చోట, ఆ తప్పు నాది అని కూడా రాసింది. రాయడం తేలికే. కాగితం తిరిగి మాట్లాడదు.

లిస్టబ్బాయి మొత్తం చదివాడు. చాలాసేపు ఆ కాగితాన్నే పట్టుకున్నాడు. "ఇది సరిపోతుంది. కానీ దీని మీద నేను నిర్ణయం తీసుకోలేను. మా పెద్దమేడమ్‌కి పంపేస్తాను," అని దాన్ని లోపలి గది తలుపు కిందనుంచి తోశాడు.

పరుపులమ్మాయికి ఒళ్లు మండింది. రేపటితో గడువైపోతుంది. ఇన్నాళ్లూ తిప్పి తిప్పి, ఇప్పుడు చేతులు దులుపుకుంటున్నాడు. నా మీద నమ్మకం లేకపోతే మొహం మీదే చెప్పొచ్చు కదా అంది.

"నమ్మకం లేక కాదు. మీ డొమైను విషయంలో నేను తటస్థంగా లేను."

"అంటే?"

అతను దవడ పట్టుకున్నాడు. డ్రిల్లు మోగడం లేదు.

"కొన్ని అడ్రసులుంటాయి. మనుషులు వదిలేసి వెళ్లిపోయినవి. వాటిని మేం వలలా పెట్టుకుంటాం. అక్కడ మనిషి లేడు కాబట్టి, వాటికి మెయిల్ వచ్చిందంటే పంపినవాళ్లు ఎవర్నీ అడక్కుండా పంపుతున్నారని లెక్క. వచ్చినవి చదవడం నా పని. రోజంతా బట్టతల మందులు, లాటరీలు. వాటి మధ్యలో పొద్దున్నే ఒకళ్లు వచ్చి, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగేవాళ్లు. నన్ను అలా ఇంకెవరూ అడగరు."

"మరి జవాబివ్వాల్సింది."

"వల జవాబివ్వకూడదు. పట్టలేదు అని చాలాసార్లు టైపు చేశాను. చెరిపేశాను."

"అంత ఇష్టంగా చదువుతూనే మమ్మల్ని లిస్టులో రాశారా?"

"రాశాను. రూలు. ఉన్న కాస్త నిద్ర కూడా ఆ రోజు నుంచే పోయింది." ఆగి, నేల వైపు చూస్తూ అన్నాడు. "ఇవాళ పొద్దున రాలేదు. మీరు సరిగ్గా ఆపేశారన్నమాట. చాలా మంచి పని. నాకే బాగోలేదు."

 ఎవరికీ చేరవనుకున్న మాటల్ని ఒకడు కూర్చుని కంఠతా పట్టాడు. తిట్టాలో, థాంక్స్ చెప్పాలో తేల్చుకోలేక పరుపులమ్మాయి గొడుగు మడత విప్పి మళ్లీ వేసింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. పెద్దమేడమ్ నెరిసిన జుట్టుతో, చేతిలో ఆ కాగితంతో వచ్చి, ఆమెని కింది నుంచి పైదాకా చూసింది.

"దిండు తిరగేయమన్న అమ్మాయివి నువ్వేనా?"

"నేనేనండీ."

"జవాబు రానివాళ్లందర్నీ తీసేశావా? వాళ్లలో నిజంగా నిద్ర పట్టనివాళ్లు కూడా ఉండొచ్చు."

"ఉండొచ్చండీ. అయినా తీసేశాను."

"బాధగా ఉందా?"

"ఉంది."

"అయితే సరిగ్గానే చేశావు," అని పెద్దమేడమ్ లోపలికెళ్లి మీట నొక్కి, షాపుని లిస్టులోంచి తీసేసింది. బయటికి రాకుండానే, ఆ అబ్బాయికి ఏదైనా మంచి పరుపు చూపించు, ఆవలింతలతో చచ్చిపోతున్నాను అంది.

పరుపులమ్మాయి మెట్ల దాకా వెళ్లి, వెనక్కొచ్చి, కలం తీసింది. "మీ సొంత ఐడీ ఇస్తారా? రోజూ పొద్దున్నే ఒకటి పంపుతాను. మీకేం పర్లేదు కదా?"

అన్నాక ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. దిండ్ల వెనక నించుని ఎన్నిసార్లు విందో.

పర్లేదని లిస్టబ్బాయి ఒక్కసారి కాదు, కాగితం మీద ఐడీ రాసినంతసేపూ చెప్తూనే ఉన్నాడు.

వార్డెన్‌గారికి మెయిల్ వెళ్లింది. చేరింది. ఆర్డరు వచ్చింది. నాన్న తాళాల గుత్తి కూతురి చేతిలో పెట్టి, వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పడం మొదలుపెట్టాడు. నేను చేసిన తప్పుని మా అమ్మాయి ఎలా సరిదిద్దిందో చూశారా అని. అలా ఆయన మెచ్చుకున్నప్పుడల్లా ఆమె దిండ్ల వెనక్కి వెళ్లిపోయేది. చెప్పాలి. రేపు చెప్తాను. షాపు ఇచ్చిందే తన తెలివి చూసి కదా, నిన్నగాక మొన్న ఇచ్చినవాడు ఏమనుకుంటాడు. నాన్నేమో పాస్‌వర్డ్ అడగలేదు. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, చీపురు అందుకుంటున్నాడు.

ఆ ఆదివారం లిస్టబ్బాయి పరుపు కొనడానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. నాన్న ఎదురెళ్లి, పరుపు చేత్తో నొక్కి చూస్తే తెలియదు బాబూ, పడుకుని చూడాలి అన్నాడు. లిస్టబ్బాయి మొహమాటపడుతూ పడుకున్నాడు. ఎలా ఉంది అని నాన్న అడిగేలోపల గుర్రు మొదలైంది.

బేరానికొచ్చిన ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరారు. ఒకావిడ, ఏ పరుపు మీదైతే అతను పడుకున్నాడో అదే కావాలంది. నాన్న అందర్నీ నెమ్మదిగా పక్కకి పంపేసి, దుప్పటి తెచ్చి కప్పాడు.

"ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"మనల్ని బ్లాక్ చేసిన ఆయన, నాన్నా."

నాన్న దుప్పటి అంచు పాదాల కింద దోపాడు. "పాపం, ఎన్నాళ్లైందో నిద్రపోయి," అన్నాడు. తర్వాత కూతురి మొహం చూశాడు. ఆ చూపులో ఆయనకి కావలసినదంతా కనపడినట్టుంది. వంటింటి వైపు తిరిగి, ఇంకో కప్పు టీ ఎక్కువ పెట్టమని అమ్మకి చెప్పాడు.

సాయంత్రం లిస్టబ్బాయి ఉలిక్కిపడి లేచాడు. ఎక్కడున్నాడో తెలిసేసరికి చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు మాత్రం ఎర్రగా లేవు. నాన్న టీ అందించి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కాసేపు అరచేతులు రుద్దుకున్నాడు.

"బాబూ, మీకో మాట చెప్పాలి. ఆ పువ్వులు పంపింది నేనే. మీకంత ఇబ్బంది అవుతుందని తెలియక పంపాను. పెద్దవాణ్ణి, చెప్పకుండా ఊరుకుంటే బాగోదు. ఏమీ అనుకోకండి."

 కారణం పువ్వులు కావని రూలు ప్రకారం లిస్టబ్బాయి చెప్పకూడదు. అతను పరుపులమ్మాయి వైపు తిరిగి కూడా చూడలేదు. టీ కప్పులోకే చూస్తూ కూర్చున్నాడు, ఆమె ఇష్టానికి వదిలేసినట్టు.

పరుపులమ్మాయి బల్ల దగ్గర్నుంచి లేచింది. కాళ్లు దిండ్ల వెనక్కి లాగుతున్నాయి. అటు వెళ్లకుండా వచ్చి నాన్న పక్కన కింద కూర్చుంది.

"నువ్వెందుకు నాన్నా క్షమాపణ చెప్తావ్? నీ పువ్వుల గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. బ్లాక్ అయింది నా మెయిల్స్ వల్ల. ఆ పాత అడ్రసులన్నీ నువ్వు వద్దన్నా నేనే పోశాను. నాకు తెలిసి కూడా నీకు చెప్పలేదు. తప్పు నీది కాదు నాన్నా, నాది."